చాట మీద మాట

ఫోన్ మోగితే ఆస్పత్రి నుంచేమో అనుకునే మనిషి లత. తలుపు చప్పుడైతే పోలీసులేమో అనుకుంటుంది. అలాంటి మనిషి గడప ముందు, నిజామాబాద్ ఊరంతా మునిగేలా కురుస్తున్న వానలో, ఎవరో పిల్లవాడు హెల్మెట్ తీసి "నిఖిత ఉన్నదా అమ్మా?" అని అడిగితే ఇంకేముంది? ఒడిలోని చాట ఒరిగి బీడీలన్నీ నేలపాలయ్యాయి.

"ఎవలు బిడ్డా నువ్వు? ఏమైంది నా పిల్లకు?"

"ఏం కాలే అమ్మా. నా పేరు శ్రావణ్, మాది రుద్రూర్. యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్న. నిఖిత క్లాసులకు వస్తలేదు. జ్యోతిరాణి మేడం చూసి రమ్మన్నది."

"క్లాసులా? సెలవులని చెప్పింది గద."

శ్రావణ్ నాలుక కరుచుకున్నాడు. జుట్టులోంచి కారుతున్న నీళ్లు తుడుచుకుంటూ నసిగాడు. "అసైన్‌మెంట్ చాట్‌తోని రాసిందని జర లొల్లి అయింది. అంతే."

లత ఒడిలోకి చూసుకుంది. "చాటతోనా? నా చాట ఇంట్లనే ఉన్నది బిడ్డా. దీన్ని నా పిల్ల ఎన్నడు బడికి తీస్కపోలే. కావాల్నంటే కార్ఖానల అడుగు."

లోపలి గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వాక దాక్కోవడం కుదరదు కదా, నిఖిత మూతి బిగించుకుని బయటికి వచ్చింది.

"చాట కాదే అమ్మా, చాట్. ఫోన్ల ఏదడిగినా రాసిస్తది." అని శ్రావణ్ వైపు తిరిగింది. "ఇంటి దాంక వచ్చి పరువు తీస్తవా అన్నా?"

"నువ్వు ఫోన్ లేపితె నేనెందుకు తడుద్దును?"

"అన్నా" అన్న మాట చెవిన పడ్డాకే లతకు కాస్త ఊపిరాడింది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

తల తుడుచుకుంటూ అతను చెప్పిన సంగతి ఇది. ఈ ఏడు పిల్లలు ఇంట్లో రాసుకొచ్చిన కాగితాలన్నీ ఒకే గిర్నీలో పట్టిన పిండిలా ఉన్నాయట. ఇంకొకరైతే అందరికీ సున్నాలు చుట్టేవారు. జ్యోతిరాణి మేడం అలా చేయలేదు. ఫోన్‌ను అడగండి, ఏం అడిగారో దాచకండి, మార్కులు మాత్రం మా ఎదురుగా కూర్చుని మాట్లాడినదానికే అంది. తెలుగులో మాట్లాడినా సరేనంది. భయపడే వాళ్లకు తోడుగా సీనియర్లను పెట్టింది. శ్రావణ్ అందులో ఒకడు.

"మార్కులు నేను వెయ్య. మేడం, ఇంకో సారు వేస్తరు. నేను వట్టిగ తోడు."

వింటుంటే లతకు ఆ మేడం మీద గౌరవం కలిగింది. పిల్లల తప్పు పట్టుకుని కూడా చెయ్యి వదలని మనిషి ఎక్కడ దొరుకుతుంది?

నిఖిత మాత్రం గోడకు ఆనుకుని నిలబడింది. "నలుగురి ముందట నాకు గొంతు లేవదు. చదువు బంద్. అమ్మతోని బీడీలు చుడుత."

లత ఆ మాటకు భయపడే బతికింది. తన ఒడిలోని చాట బిడ్డ ఒడిలోకి మారకూడదనే నడుం పడిపోయేలా ఆకు కత్తిరించింది. ఉరుములకన్నా, పాములకన్నా, చీకట్లో వచ్చే ఫోన్లకన్నా పెద్ద భయం అదే.

"ఏమన్న చెయ్యి బిడ్డా, దీంతోని మాట్లాడియ్యి" అంది శ్రావణ్‌తో. వెంటనే ఇంకో భయం ముంచుకొచ్చింది. "కని నేర్పుడేదున్నా నా ముందటనే."

అలా ఆదివారాలు మొదలయ్యాయి.

నిఖిత నిలబడి అప్పజెప్పేది. "శ్రామిక మహిళల సామాజిక భద్రత అనునది బహుముఖీనమైన సమస్య..."

"బహుముఖీనం అంటే?"

"తెల్వది."

"మరి ఎవలకు తెల్సు?"

"చాట్‌కు."

"అయితె డిగ్రీ దానికే ఇద్దామా? ఫొటో దిగుతది పాపం."

నిఖితకు ఒళ్లు మండింది. విసురుగా కూర్చుని తల్లి ఒడిలోంచి చాట లాక్కుంది. తునికాకు తీసి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టింది. చేతులు ఆడుతుంటే తిట్లు వాటంతట అవే వచ్చాయి.

"చెరుకు తోటల పెరిగినోనివి, నీకు చెరుకు తప్ప ఏమెరుక? మా గల్లీల సుమిత్రమ్మ ఉన్నది. ఆకు పట్టి పట్టి వేళ్ల మీది గీతలే అరిగిపోయినయ్. పింఛినికి పోతె మిషిన్ మీద వేలు పడది. బతికున్న మనిషిని పట్టుకొని నువ్వు నువ్వేనా అని అడుగుతరు. ఇంట్ల కూసోని చేస్తరు గాబట్టి అది పనే కాదనుకుంటరు అందరు. ఆమె పనిచేసిందని చెప్పేటందుకు ఆమె వేళ్లు తప్ప ఇంకేమున్నది? ఆ వేళ్లనే నమ్మరు..."

ఆమె ఆగేసరికి శ్రావణ్ కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఆ చూపు మాస్టర్లు చూసే చూపు కాదని లతకు అనుమానం తగిలింది.

"గిదే నీ అసైన్‌మెంట్" అన్నాడు మెల్లగా. "నీకు చేతులాడితె నోరాడుతది. పరీక్షకు చాట తీస్కరా."

"పిచ్చా నీకు?"

"నవ్వుతరు బిడ్డా" అంది లత బెదిరిపోయి.

అతను అక్కడే మేడంకు ఫోన్ చేశాడు. మేడం గొంతు గదంతా వినిపించింది. "కొందరు ఎదుట నీళ్ల గ్లాసు పెట్టుకుంటారు. ఆమె చాట పెట్టుకుంటుంది. తప్పేముంది? తెచ్చుకొమ్మను."

పరీక్ష రోజు లత కూడా బస్సెక్కింది. మూసిన తలుపు బయట, కారిడార్ బెంచీ మీద కూర్చుని తెలిసిన దేవుళ్లందరినీ తలచుకుంది. లోపల చప్పుడు లేదు. బిడ్డ కళ్లు తిరిగి పడిపోయిందేమో. చాట చూసి బయటికి పంపుతున్నారేమో.

తల తిప్పితే శ్రావణ్. గోడ దాకా పోతాడు, వెనక్కి వస్తాడు, గోళ్లు కొరుకుతాడు. తనకన్నా ఎక్కువ భయపడుతున్న మనిషిని లత మొదటిసారి చూసింది. మనసు ఎందుకో చల్లబడింది.

"కూసో బిడ్డా. గోళ్లు అయిపోతున్నయ్."

అప్పుడు వినిపించింది లోపల కత్తెర చప్పుడు. ఆ వెంట నిఖిత గొంతు, మొదట సన్నగా, తర్వాత ధారగా. ప్రశ్న వచ్చింది, జవాబు పోయింది. ఒకసారి అందరూ నవ్వారు, నిఖితతో కలిసి.

తలుపు తెరుచుకుంది. తంబాకు రజను అంటిన చేతులతోనే నిఖిత పరుగున వచ్చింది.

"మాట్లాడిన. మొత్తం మాట్లాడిన. పాసన్నరు శ్రావణ్."

లత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒత్తుకుంటూనే టక్కున ఆగింది. శ్రావణ్ ఉన్నాడు. వెనకాల ఉండాల్సిన 'అన్న' ఏది?

ఆ భయం వారం తిరిగేలోపే నిజమైంది. ఫోన్‌లో శ్రావణ్ పంపిన కవిత చూసుకుంటూ నిఖిత ఒకటే నవ్వు. తర్వాత ఆమే అతనికి ఫోన్ చేసింది.

"నా నయనాల నీలిమల నీ హృదయ నౌక తేలుతున్నదా? రుద్రూర్‌ల నౌకలు ఎన్నటిసంది నడుస్తున్నయ్? ఇది నీది కాదు, చాట్ రాసింది. ఎదురుంగ కూసోని మాట్లాడితెనే మార్కులు."

ఆదివారం అతను చెరుకు గడలు భుజాన వేసుకుని వచ్చాడు. బయట మళ్లీ వాన. చాపమీద కూర్చున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. పిల్లలకు మాట నేర్పినవాడికి మాట పెగలలేదు. నిఖిత కొంటెగా చూస్తోందే తప్ప సాయం చేయదు.

లత మనసులో రెండు భయాలు కలబడ్డాయి. అతను చెప్తే బిడ్డ రుద్రూర్ పోతుంది. చెప్పకపోతే ఇలాంటి పిల్లవాడు మళ్లీ దొరకడు. రెండో భయమే గెలిచింది. తన ఒడిలోని చాట తీసి అతని ఒడిలో పెట్టింది.

శ్రావణ్ ఆకు చుట్టడం మొదలుపెట్టాడు. తంబాకు ఒలుకుతోంది, దారం జారుతోంది. మాట మాత్రం వచ్చింది.

"ఆ రోజు మేడం నన్ను పొమ్మనలే. ఫోన్ చెయ్యమన్నది, అంతే. నేనే వచ్చిన. మేడం క్లాసుకు నేనొచ్చినప్పుడల్ల నువ్వు ఆఖరి బెంచిల కూసునేదానివి గద. ఆ బెంచి ఖాళీగుంటే నాకు చదువు మీద మనసు పడలే."

నిఖిత నవ్వు ఆగిపోయింది. తల దించుకుని, "ఇది చాట్‌కు తెల్వది" అంది.

"నాకే మొన్నటి దాంక తెల్వది." అతను లత వైపు తిరిగాడు. "మీరు కూడ ఏమన్న అడుగుతరా... అత్తమ్మా?"

అడగడానికి లత దగ్గర ప్రశ్నలు గంపెడున్నాయి. అన్నిటికన్నా ముందున్నదే బయటికి వచ్చింది.

"వానల బండి మెల్లగ నడుపుతవా?"

"మెల్లగనే నడుపుత."

"చదువు అయినంకనే లగ్గం."

"ఇద్దరి చదువు అయినంకనే."

లత అతని చేతిలోని బీడీని తీసుకుని దీపానికి అడ్డంగా పట్టి చూసింది. "ఇది బీడీనా, చెరుకు గడనా?" అంది. కానీ పారేయలేదు. వదులైన దారం బిగించి, మూతి మడిచి, కట్టలో కలపకుండా పసుపు డబ్బా పక్కన పెట్టింది.

"వచ్చే ఆదివారం మీ అవ్వను, బాపును తోల్కరా. ఫోన్ల రాసి పంపుడు కాదు. ఎదురుంగ కూసోని మాట్లాడాలె. మా ఇంట్ల మార్కులు దానికే."