గెడ్డ ఎదురెక్కిన సాయంత్రం

మా ఊరి గెడ్డ ఏమంత గొప్ప వాగు కాదు. కొండ మీద పుడుతుంది, మా చెల్లెలు కాంతం పెరటి వెనకనుంచి జారుతుంది, ఓ అరమైలు పోయి పెద్ద రిజర్వాయర్లో కలిసిపోతుంది. ఎండాకాలం మేకపిల్ల కూడా దాటేస్తుంది. కానీ తొలకరి పడిందంటే రిజర్వాయర్లో చేపలన్నీ ఆ సన్నటి పాయలోకి ఎదురెక్కుతాయి. ఆటోనగర్లో లేతు మిషన్ దగ్గర ఎంత పనున్నా సరే, ఆ రోజు సెలవు పెట్టకపోతే నాకు అన్నం సయించదు.

మొన్న తొలకరికీ వెళ్ళాను. గెడ్డ కలిసే చోట పుల్లలతో అడ్డు కట్టి, మధ్యలో వెదురు మావు పెట్టాను. దాని మూతి రిజర్వాయర్ వైపు. ఎక్కొచ్చే చేప అందులో దూరితే మళ్ళీ బయటపడదు.

కాంతం వచ్చింది. ఆమె మొగుడు అబ్బులు నిరుడు ఈ రిజర్వాయర్లోనే పడవ బోల్తాపడి, మరో నలుగురితో పాటు పోయాడు. ఒక్కరి శవమూ దొరకలేదు. అందుకని ఎవరెన్ని చెప్పినా మా చెల్లి బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు.

"ఆ మావు తీసెయ్ అన్నియ్యా."

"ఏటే?"

"సేపలెక్కినట్టే ఆయనా ఎక్కొత్తాడు. నువ్వడ్డం పెడితే ఎలగొత్తాడు?"

నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది, అది వేరే సంగతి.

"పిచ్చి మాటలాడకు. ముసురట్టేసింది, ఈ నీల్లకాడ ఉండకు. ఇంటికెల్లు!" అని కసిరాను.

గెడ్డ గట్టు పట్టుకుని పైకి వెళ్ళిపోయింది. హమ్మయ్య, నీళ్ళకి దూరంగా ఉంటుంది కదా అనుకున్నాను.

మసక పడింది. వాన సన్నగిల్లింది. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరిచిన కప్పలు ఉన్నట్టుండి మానేశాయి. అడుగుబురద వాసన గుప్పుమంది. మోకాళ్ళ దగ్గర నీళ్ళు... వెనక్కి నడుస్తున్నాయి. రిజర్వాయర్ నుంచి కొండ వైపుకి.

మావు కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. మళ్ళీ...

"ఓర్నాయనో, నీ పంట పండిందిరా గవర్రాజూ" అనుకుంటూ లాగాను.

తేలిగ్గా వచ్చేసింది. చేపపిల్ల కూడా లేదు. మూతి చెక్కుచెదరలేదు. వెనక భాగం మాత్రం బద్దలైపోయి, వెదురు పుల్లలు కొండ వైపుకి విరిగి ఉన్నాయి.

ఏదో రిజర్వాయర్లోంచి దూరింది. చీల్చుకుని గెడ్డలోకి ఎక్కేసింది. పైన గట్టు మీద ఉన్నది ఒక్కటే ఇల్లు. చెల్లిని అక్కడికి తరిమింది నేనే.

పరిగెత్తాను. అప్పన్నా, సింహాద్రప్పన్నా, దాన్ని కాపాడు... చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలీదు.

ఇంట్లో లైటు వెలుగుతోంది. గుమ్మం నిండా బురద.

"కాంతం!"

గుమ్మమెక్కాను.

తలుపు గొళ్ళెం బయటినుంచి పెట్టి ఉంది, పక్క కిటికీలోంచి చెయ్యి చాపితే అందేదే. చెయ్యి వేశాను. జిగటగా తగిలింది.

అప్పుడు లోపల్నుంచి, తలుపు సందుకి నోరు ఆనించి, కాంతం గుసగుసగా...

"తియ్యకన్నియ్యా... అందరూ లోపలే ఉన్నారు. ఒచ్చినోల్లల్లో ఆయన్లేడు."