కబడ్డీ హీరోకి రెండు రివ్యూలు

గుడివాడ నుంచి బందరు వెళ్ళే బస్సు పెడనలో ఆగింది. గీతాంజలి ఎక్కగానే భానుప్రకాష్ పక్క సీటు మీంచి బ్యాగు తీశాడు. అది రోజూ ఉండేదే. ఇవాళ ఇయర్‌ఫోన్స్ కూడా ఇచ్చాడు.

"నాకో ఛానెల్ ఉందని చెప్పలేదు కదండీ. మొహం చూపించను, గొంతొక్కటే. వినండి, వ్యూస్ అదిరిపోతున్నాయి."

ఎవరో మారుపేరుతో జపాన్ బొమ్మల కథల్లా మాంగా పద్ధతిలో గీసి ఆన్‌లైన్‌లో పెట్టిన తెలుగు కబడ్డీ కథ మీద రివ్యూ అది. కూతకి వెళ్ళిన హీరో ఏడ్చి, జాలిపడి దగ్గరికొచ్చినవాణ్ణి పడగొట్టాడని భానుప్రకాష్ చీల్చి చెండాడాడు. కామెంట్లలో జనం ఇంకా దంచారు. 'ఏడుపుగొట్టు హీరో' అని పేరు కూడా పెట్టేశారు.

నవ్వుతుందని ఎదురుచూశాడు పాపం. ఆమె నవ్వలేదు.

"ఎటు నుంచి చదివారండీ?"

"ఎటేమిటండీ? తెలుగేగా, ఎడమ నుంచి."

"బొమ్మలు కుడి నుంచి చూడాలి. మొదటి పేజీలోనే బాణం గుర్తు వేశాను కదా."

భానుప్రకాష్ గబుక్కున ఆమె వైపు తిరిగాడు. "మీరా గీసింది?"

"మా నాన్న కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కుతారు. అచ్చు మీద అన్నీ తిరగబడే ఉంటాయి. చిన్నప్పటి నుంచి అవి చూసీ చూసీ నాకు మాంగా సులువుగా వచ్చింది. నా కథలో ముందు అవతలివాడి మోకాలు విరుగుతుంది. అది చూసి మావాడు కూత ఆపేసి ఏడుస్తాడు. ఔటైపోతాడు."

ఇయర్‌ఫోన్స్ చుట్టి అతని చేతిలో పెట్టింది. "కూతురి కథ గురించి చెప్తున్నారని, నాన్న మీ వీడియో అద్దకం షెడ్డులో పనివాళ్ళందరి ముందూ సౌండు పెంచి పెట్టారండి. మధ్యలో ఆపితే ఇంకా పరువు పోతుందని చివరిదాకా విన్నారు."

భానుప్రకాష్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బందరులో దిగి వెళ్ళిపోతూ ఆమె వెనక్కి చూడలేదు.

సాయంత్రం కథ మళ్ళీ చదివాడు, ఈసారి కుడి నుంచి. తర్వాత మొహం చూపిస్తూ కొత్త వీడియో పెట్టాడు. "చదవడం రాకుండా తీర్పు చెప్పాను. తప్పు హీరోది కాదు, నాది," అన్నాడు. జనం ఊరుకుంటారా? ముందు అక్షరాభ్యాసం చేయించుకోమన్నారు. అతను ఒక్క కామెంటు కూడా తీసెయ్యలేదు.

మర్నాడు పెడనలో బస్సు ఆగినా తలెత్తలేకపోయాడు. పక్కన ఎవరో కూర్చున్నారు.

"పొద్దున్నే నాన్న మీ కొత్త వీడియో కూడా షెడ్డులో పెట్టారు," అంది గీతాంజలి.

"బాగా తిట్టి ఉంటారు."

"కుర్రాడు ఎవరబ్బాయని అడిగారు."

అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. "మీ ముందు గొప్పగా కనబడాలని చూపించానండి నిన్న ఆ వీడియో. మీరంటే ఇష్టం. అది చెప్పడం చేతకాలేదు."

"తెలుసు," అంది ఆమె. "అందుకే అంత కోపం వచ్చింది."