పిల్లలకి సరిపడే గది

మాది బండారులంక. మగ్గం నేసే ఇల్లు. మా వీధిలో ఏ ఇల్లు చూసినా ముందు మగ్గం, వెనక పంటకాలువ. ఆడమనిషి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుందంటే చేతులూ ఖాళీ ఉండవు, కాళ్ళూ ఖాళీ ఉండవు. అందుకని నడక వచ్చిన పిల్లల్ని పాత చీర పేలికతో నడుముకి కట్టి, రెండో కొస గుంజకి ముడేస్తాం. ఆ పేలిక గడప దాకా వస్తుంది, కాలువ దాకా రాదు. పైఊరి వాళ్ళు చూసి, దూడల్ని కట్టినట్టు కట్టారేమిటని నవ్వుతారు. నవ్వుకోనీ. నాకు తెలిసి మా వీధిలో కాలువ ఒక్క బిడ్డనీ తీసుకోలేదు.

నాకు కవలలు. మాధురి, కేశవ. 2004 కార్తీకానికి వాళ్ళకి రెండేళ్ళు నిండాయి. మస్కట్‌లో డ్రైవరుగా చేసే మా ఆయన అంజిబాబు అప్పుడే సెలవు మీద వచ్చారు. అక్కడి రేవులో ఏడంతస్తుల ఓడలు చూశారట. గదులు, మంచాలు, పిల్లలు ఆడుకునే చోటు అన్నీ ఓడలోనేనట.

"ఆ ఓడ ఎక్కించలేను గానీ దుర్గా, దిండిలో గదుల పడవలు పెట్టేరంట. ఒక పూట ఉండి వద్దాం," అన్నారు.

"పిల్లల్తో నీళ్ళ మీదేంటండీ?"

"నీకు నచ్చిన పడవే ఎక్కుదాం. గది కూడా నువ్వే చూసి చెప్పు."

ఆ మాట ఆయన అనకపోతే బాగుండేది.

మధ్యాహ్నం రెండింటికి దిండి రేవులో దిగాం. మూడు పడవలున్నాయి. మొదటిది రెండంతస్తులది, అద్దాలతో పెళ్ళికూతురిలా ఉంది, మెట్లకి మాత్రం పట్టుకునే కమ్మీ లేదు. రెండోదాంట్లో గది తలుపు తీస్తే ఒక్క అడుగులో గోదావరి. ఆ పడవ కట్టినవాడికి పిల్లల్లేరు కాబోలు. మూడోది పాత ధాన్యం పడవ. దానికే గదులు కట్టారు. రంగు వెలిసిపోయింది, కానీ చుట్టూ కమ్మీలకి నా నడుమెత్తున వల బిగించి ఉంది. మంచాల కోళ్ళకి దెబ్బ తగలకుండా గుడ్డలు చుట్టి ఉన్నాయి.

పడవ నడిపే ఆయన పేరు ఎలీషా. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. మాకు పై గది చూపించాడు. కిటికీ నా మోకాలి ఎత్తులో ఉంది. చంటిపిల్లల తల్లికి ఈ గది చూపిస్తున్నాడు, ఇతనికి బుద్ధుందా అనుకున్నాను.

"కింద గదుందా అండీ?"

"ఉందమ్మా. తడి వాసనొస్తాదండీ. మీరు పైనే ఉండండి."

నేను దిగి చూశాను. కిటికీ తల ఎత్తున ఉంది. మంచం పొట్టిది, పిల్లలు పడినా దెబ్బ తగలదు. ఆ మంచం కోళ్ళకి అడుగున రెండు ఇనుప రింగులున్నాయి. గుడ్డ రాసుకుని రాసుకుని నున్నగా మెరుస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. మాలాంటి తల్లులెవరో ఇక్కడ పిల్లల్ని కట్టుకున్నారు.

"ఈ రింగులు మీరే పెట్టించేరా?"

"లేదమ్మా. కొన్నప్పుడే ఉన్నాయండీ," అన్నాడు ఎలీషా. ఇంకేదో అనబోయి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన సంచులు దించేస్తున్నారు. అతనూ ఒక సంచి అందుకున్నాడు.

పడవ కదిలింది. పిల్లలకి పెరుగన్నం పెట్టాను. సాయంత్రం నాలుగవుతుండగా వాళ్ళకి కళ్ళు మూతలు పడ్డాయి. కింద చాప పరిచి ఇద్దర్నీ పడుకోబెట్టి, నడుములకి పేలికలు కట్టి, రెండు కొసల్నీ రింగుల్లోంచి తీసి నా ఎడమ చేతి మణికట్టుకి చుట్టుకున్నాను. మేం వేసే ముడి లాగినకొద్దీ బిగుస్తుంది. విప్పడం మగ్గం మీద కూర్చున్న వాళ్ళకే వచ్చు. చిన్నప్పుడే బండి స్టీరింగు పట్టిన మా ఆయనకి రాదు. ఆయన పైన ఎలీషాతో కబుర్లలో పడ్డారు. నేను మంచం మీద వాలాను.

మెలకువ వచ్చేసరికి గదిలో మసక చీకటి. ఇంజను ఆగిపోయింది. ఎక్కడో లంక పక్కన లంగరు వేసినట్టున్నారు. దీపాలు ఇంకా వెలగలేదు. పడవ అడుగున నీళ్ళు చప్పరిస్తున్నట్టు మెల్లగా చప్పుడు. బురద వాసన, గుర్రపుడెక్క కుళ్ళిన వాసన. వాటి వెనక సన్నగా, పాలు కక్కిన పిల్లల మెడ దగ్గర ఉండే వాసన.

చాప మీద పిల్లలు లేరు.

చేతి పేలికలు లాగి చూశాను. రెండూ బిగువుగానే ఉన్నాయి. మంచం కిందికి వెళ్ళాయి. ఇంటి దగ్గర కూడా వీళ్ళు ఇంతే, నిద్ర లేవగానే మగ్గం కిందికి దూరతారు. ఊపిరి పీల్చుకున్నాను.

ఒక పేలిక మెల్లగా లాగాను. కింద నుంచి తిరిగి లాగారు.

రెండోది లాగాను. అదీ లాగారు. కిచకిచమని నవ్వు.

"మాధురీ..."

"ఊఁ."

"కేశవా, బయటికి రా నాన్నా."

"చీకటి..." అన్నాడు. వాడి గొంతే. 'చ' పలకలేక 'తీకటి' అనేవాడు, ఈసారి మాత్రం స్పష్టంగా అన్నాడు. మాట తిరుగుతోందని సంతోషపడ్డాను కూడా. ఇప్పటికీ అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు తోసుకుని మా ఆయన వచ్చారు. నోట్లో టార్చి కరిచి పట్టుకున్నారు.

రెండు చంకల్లో ఇద్దరు పిల్లలు.

మాధురి. కేశవ.

ఇద్దర్నీ దింపి టార్చి చేతిలోకి తీసుకుని, "పిల్లల్ని విప్పి పైకి పంపి నువ్వు పడుకున్నావేంటి? ఇద్దరూ మెట్లెక్కి వచ్చేసేరు. ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నారు.

వెలుతురు నా మొహం మీద పడుతోంది. మంచం కింద పడటం లేదు.

పిల్లల్ని చూశాను. అదే గౌను. అదే చొక్కా. బుగ్గ మీద నేను పెట్టిన దిష్టిచుక్క. నడుముల చుట్టూ... ఏమీ లేదు. తెగిన పేలిక ముక్క కూడా లేదు. నేను విప్పలేదు. ఆయనకి విప్పడం రాదు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఏడవటం లేదు. నా దగ్గరికి రావటం లేదు.

చేతికి చుట్టిన పేలిక... మెల్లగా లాగినట్టయింది.

"అమ్మా..."

ఎదురుగా ఉన్న ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి.

"అమ్మా... చీకటి..."

మా ఆయనకి వినబడలేదు. వంగితే చాలు. తల వంచి ఒక్కసారి చూస్తే చాలు. నా మెడ వంగలేదు. చూస్తే ఎవరు నా పిల్లలో నేనే తేల్చుకోవాలి. పడవ నేనే ఎంచుకున్నాను. గది నేనే ఎంచుకున్నాను. మూడోసారి ఎంచుకునే ధైర్యం నాకు లేకపోయింది.

మణికట్టు నుంచి పేలికలు విప్పేశాను. రింగుల్లోంచి జరజరా జారి... మంచం కిందికి వెళ్ళిపోయాయి. వెలుతురులో నించున్న ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. వాళ్ళ చేతులు వెచ్చగానే ఉన్నాయి.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి. దింపేయమనండి," అన్నాను.

ఎలీషా కారణం అడగలేదు. వెంటనే లంగరు ఎత్తాడు. రేవులో దిగుతుంటే నాకే వినబడేలా, "పేలికలు లోపలే ఉన్నాయామ్మా?" అన్నాడు.

"ఆయ్."

"నడుం కాడ ముళ్ళు విప్పే వదిలేరా?"

"లేదండీ."

అతను టోపీ తీసి చేత్తో నలిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

పిల్లలకి ఏ లోటూ లేదు. జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తాను. బడికి పంపుతాను, జడ వేస్తాను, అన్నం కలిపి పెడతాను. అమ్మా అని పిలిస్తే పలుకుతాను. పలికేముందు ఒక్క క్షణం ఆగుతాను, అంతే. ఆ సాయంత్రం నుంచి నాకు ఏడుపు రాదు, నవ్వూ రాదు. మా అమ్మ పోయినప్పుడు కూడా పాడె పక్కన కూర్చుని నేత సంగతులు మాట్లాడానట. బండరాయి అన్నారు. నిజమే, ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. ఈ ఇద్దరి మీదా నాకు కోపం లేదు. ప్రేమ ఉందో లేదో నేను తడిమి చూసుకోలేదు.

అయిదేళ్ళు గడిచాయి. పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం వీధిలో సైకిలు ఆగింది. ఎలీషా. బాగా ముసలివాడైపోయాడు. పిల్లలిద్దరూ అరుగు మీద ఎక్కాలు రాసుకుంటున్నారు. అతను వాళ్ళకేసి చాలాసేపు చూశాడు. వాళ్ళు తల ఎత్తలేదు.

మంచినీళ్ళిచ్చాను.

"పడవ నడుపుతున్నారా అండీ?"

"లేదమ్మా. లంక పక్కన కట్టేసేరు. ఎవరూ ఎక్కరండీ. కాపలాకి నేనొక్కణ్ణే ఉంటున్నాను." గ్లాసు పక్కన పెట్టాడు. "మీ పిల్లలు విడిచిన బట్టలుంటే... రెండు జతలు ఇస్తారేమోనని వచ్చేనమ్మా. చలి ముదురుతోంది కదండీ."

ఎవరికని నేను అడగలేదు. లోపలికి వెళ్ళి పెట్టె తీశాను. పోయినేడు కుట్టించిన నిక్కరు, చొక్కా, మాధురి గౌను ఒకటి. మడత పెట్టి తెచ్చి అతని చేతిలో పెట్టాను.

ఎలీషా చొక్కా మడత విప్పి చూసి, నిక్కరుతో పాటు సంచిలో పెట్టుకున్నాడు. గౌను భుజాల దగ్గర పట్టుకుని, గాల్లో నిలబెట్టి, కింద అంచు వరకూ కళ్ళతో కొలిచాడు. మెల్లగా మడిచి తిరిగి నాకిచ్చాడు.

"బాబుకి సరిపోద్దండీ," అన్నాడు. "పాపకి ఇంకో బెత్తెడు పొడుగు కావాలమ్మా."