పిడి లేని తలుపు

ఆ వీధిలో అందరూ ఆమెని కోరస్ అక్క అనే పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా పేరున్న గాయనుల వెనక నిలబడి పాడుతూ వచ్చింది. ఏ పాటకీ ఆమె పేరు పడలేదు. "నా పేరు బృందం, ఇంటిపేరు మరియు," అని తనమీద తనే జోకేసుకునేది.

అలాంటి మనిషికి నలభై మూడో ఏట ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. పసిపిల్లల్ని నిద్రపుచ్చే పాటల్ని ఫోన్లో వినిపించే ఒక చిన్న కంపెనీ వాళ్ళు పది జోలపాటలు అడిగారు. పైన ఆమె పేరొక్కటే వేస్తామన్నారు. కాకపోతే ఇంట్లోనే రికార్డు చేసి పంపాలి. గొంతు తప్ప ఇంకో చప్పుడు వినపడకూడదు.

పడకగదిలో తలుపులు బిగించుకుని ఒకటి పాడి పంపింది. కంపెనీ మేడమ్ ఫోన్ చేసింది.

"గొంతు చాలా బావుందండీ. కానీ మీ ఫ్యాను, పక్కింటి కుక్కరు, ఎవరో స్కూటరు స్టార్టవక తిట్టుకోవడం... అవి కూడా చాలా బావున్నాయి."

కోరస్ అక్క నవ్వేసింది గానీ ఫోన్ పెట్టేశాక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఆమెకి గుర్తొచ్చింది మీటరు.

మీటరంటే సౌండ్ ఇంజినీరు. మాట్లాడే మనిషి మొహం వంక కాకుండా ఎప్పుడూ మిషను మీద గొంతు హెచ్చుతగ్గుల్ని చూపిస్తూ ఎగిరే దీపాల వంక చూస్తాడని ఆ పేరు పడింది. ఆమెకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా అతన్ని నోరారా "అన్నయ్యా" అని పిలుచుకుంది. "నీది వెనక నిలబడాల్సిన గొంతు కాదు చెల్లెమ్మా," అని ఆమెతో అన్నవాడు లోకంలో అతనొక్కడే. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్నేళ్ళు ఈదుకొచ్చింది.

సంగతి విని మీటరు వెంటనే అన్నాడు. "నా స్టూడియో మూసేస్తున్నాను. పాడే గది సామాను మొత్తం నీకే ఇచ్చేస్తా. డబ్బు మాటెత్తావంటే ఊరుకోను."

శుక్రవారం పొద్దున్నే వ్యాన్లో అంతా దిగింది. ఇంటి వెనక సామాన్ల గది ఖాళీ చేయించాడు. చిన్న కిటికీని చెక్కతో మూసి, గోడలకి, పైకప్పుకి నల్లటి స్పాంజి పలకలు అతికించాడు. అరచెయ్యి మందం తలుపు, అంచుల చుట్టూ రబ్బరు. దాన్ని నిలబెట్టడానికి ముగ్గురు పనివాళ్ళు కావాల్సి వచ్చింది. ఆదివారం సాయంత్రానికి గది తయారైంది. లోపలికెళ్ళి నిలబడితే చెవుల్లో దూది పెట్టినట్టు నిశ్శబ్దం. తన గుండె చప్పుడు తనకే వినపడింది.

"లోపల పిడి లేదేం అన్నయ్యా?" అంది తలుపు తడుముతూ.

"ఊడిపోయింది. ఈ వారంలో తెచ్చి బిగిస్తా. అప్పటిదాకా బయట గడియ వేస్తేగానీ తలుపు పడదు. మీ అత్తగారున్నారుగా, వేసి తీస్తారు." అతను గడప ఇవతలే నిలబడి మాట్లాడుతున్నాడు. "ఇంకోటి. లైటు గుయ్యిమంటుంది. ఆర్పేసి పాడు."

పలకలు అతికించిన రోజు నుంచీ అతను ఆ గది గడప దాటలేదని ఆమెకి అప్పుడు తట్టలేదు. తట్టేదెలా? గుండె నిండా కృతజ్ఞత ఉంది. వెళ్ళబోతుంటే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. అతను నిప్పు మీద కాలేసినట్టు వెనక్కి జరిగాడు.

సోమవారం మధ్యాహ్నం. భర్త బస్సు డ్రైవరు, డ్యూటీకెళ్ళాడు. గది బయట కుర్చీలో అత్తగారు. ఆవిడకి చెవులు దాదాపు వినపడవు. వినికిడి మిషను పెట్టుకోమంటే, "వినదగ్గ మాటలు ఎవరు మాట్లాడుతున్నారని," అంటుంది. ఆవిడ ఎదురుగా స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టి, వైరు గది లోపలికి లాగారు. ఏర్పాటు సులువైనదే. పాడుతున్నంతసేపూ తెర మీద గీతలు ఎగురుతాయి. గీతలు ఆగితే గడియ తియ్యాలి.

కోరస్ అక్క లోపలికెళ్ళింది. వెనక తలుపు పడింది. లైటు ఆర్పింది. పట్టపగలు రెండింటికి కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. జిగురు వాసన. మైకు ముందున్న జాలీ దగ్గర పెదవులు పెడితే లవంగం వాసన. తను లవంగం నమలదు. ఎవరో పాతవాళ్ళది అనుకుంది.

పాట బాగా వచ్చింది. ఒంటరిగా పాడటం ఇంత హాయిగా ఉంటుందా అనిపించింది. ఆఖరి చరణం ముగించి, నోరు మూసుకుని నిలబడింది.

తలుపు తెరుచుకోలేదు.

నిమిషం. రెండు నిమిషాలు. తలుపు మీద కొట్టింది. స్పాంజి ఆ చప్పుడునంతా మింగేసింది. చాలాసేపటికి గడియ కదిలింది.

"ఇంతసేపేం చేస్తున్నారు అత్తయ్యా!" అంది రొప్పుతూ.

"నువ్వు ఆపితేగా అమ్మాయ్? గీతలు ఇప్పుడే ఆగాయి," అంది అత్తగారు.

రికార్డైంది వింది. ఆమె పాట అయిపోయిన చోట సన్నగా ఊపిరి. ఎగబీలుస్తున్న ఊపిరి. తనదే అయ్యుంటుంది, గాబరాపడింది కదా. ఆ తోక కత్తిరించి పాటని కంపెనీకి పంపేసింది. పిడి సంగతి అడుగుదామని మంగళవారమంతా మీటరుకి ఫోన్ చేసింది. మోగిందేగానీ ఎవరూ ఎత్తలేదు. గొంతు బొంగురుపోయిందని ఆ రోజు పాడలేదు. నిజానికి ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కాలేదు.

కానీ పది పాటలివ్వాలి. బుధవారం మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఫోన్ తీసుకెళ్ళి, సిగ్నలు ఆపేసి జేబులో వేసుకుంది. అత్తగారితో, "గీతలు ఆగినా ఆగకపోయినా పది నిమిషాల్లో తియ్యండి," అని చెవిలో అరిచి చెప్పింది.

చీకటి. లవంగం వాసన ఇవాళ ఘాటుగా ఉంది, ఇప్పుడే కొరికినట్టు.

మొదటి చరణం పాడింది. రెండోది మొదలుపెట్టింది. అప్పుడు హెడ్‌ఫోన్లలో ఇంకో గొంతు కలిసింది.

తన గొంతుకి పైన, సన్నగా, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఇరవై ఏళ్ళు కోరస్‌లో పాడిన మనిషి కదా, ఆమె గొంతు తన ప్రమేయం లేకుండా తగ్గి దానికి చోటిచ్చింది. రెండు గొంతులూ పాలూ నీళ్ళలా కలిసిపోయాయి. ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే ఒళ్ళు చల్లబడింది.

ఆపేసింది.

ఆ గొంతు ఆగలేదు...

ఆ గొంతు ఆమెకి తెలుసు. కిందటేడు నాలుగైదు పాటలకి తన పక్కన నిలబడి పాడిన పిల్ల. పిట్టలా ఉంటుందని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఆయాసం ఉండేది. ఎప్పుడూ లవంగం బుగ్గన పెట్టుకునేది. ఉన్నట్టుండి రావడం మానేస్తే, "పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది," అని చెప్పింది మీటరే.

లైటు స్విచ్చు వెతికి నొక్కింది. వెలగలేదు.

హెడ్‌ఫోన్లు తీసేసింది. పాట ఆగిపోయింది. ఇప్పుడు గదిలోనే, ఆమె భుజం పక్కనే...

"అన్నయ్యా... కరెంటొచ్చిందా?"

ఆమె వెనక్కి జరిగి తలుపుకి గుద్దుకుంది.

"తలుపు తియ్యి అన్నయ్యా... ఊపిరాడటం లేదు..."

ఫోన్‌కి సిగ్నలు కలిపి మీటరుకి నొక్కింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"పిచ్చుక ఏమైంది అన్నయ్యా?" అంది గుసగుసగా.



"వినపడిందా?" అన్నాడు మెల్లిగా.

"ఏమైంది?"

"గడియ వేసి కిందికెళ్ళాను. అయిదు నిమిషాల్లో వచ్చేద్దామనే. కరెంటు పోయింది. కింద ఎవరో తెలిసినవాళ్ళు కనపడ్డారు, మాటల్లో పడిపోయాను. వచ్చేసరికి..." గొంతు తడబడలేదు. వంటింట్లో పాలు పొంగిన సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయాడు. "రోడ్డు మీద పడిపోయి కనపడిందని ఆస్పత్రిలో చెప్పాను. ఆరు నెలలు చెల్లెమ్మా. రోజూ ఆ గదిలోంచి పిలిచేది. కంటి మీద కునుకు లేదు నాకు."

"తెలిసి తెచ్చి నా ఇంట్లో పెట్టావా?"

"భయమేస్తోంది, తోడు కావాలంది. ఎవరినైనా పంపమంది. నీ పేరు చెప్పాను. చాలా మంచి గొంతు అని చెప్పాను."

కోరస్ అక్కకి చీకటి భయం ఒక్క క్షణం పోయింది. అంతకంటే పెద్దదేదో వచ్చి గుండెల మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళు. ఎన్ని అవమానాలు జరిగినా, ఒక్కడు మెచ్చుకున్నాడు చాల్లే అని మింగేసుకుంది. ఆ మెచ్చుకోలునే ఆమెకి ధరగా కట్టి అమ్మేశాడు.

"వచ్చి తలుపు తియ్యి," అంది. గొంతు తనది కానట్టుంది. "అత్తయ్య నిద్రపోయినట్టున్నారు. గాలి రావటం లేదు. అన్నయ్యా... ఒక్కసారి వచ్చి తియ్యి."

"వస్తున్నా," అన్నాడు మీటరు.

ఆ మాట అన్న తీరులోనే ఆమెకి తెలిసిపోయింది. రాడు. పిచ్చుకతో కూడా ఇలాగే అని ఉంటాడు.

ఫోన్ కట్టయింది. మళ్ళీ నొక్కింది. సిగ్నలు లేదు. భర్తకి నొక్కింది. లేదు. గోడలు దగ్గరకొస్తున్నట్టుంది. రొమ్ములో గాలి బిగిసింది. నేల మీద కూలబడి తలుపుకి వీపు ఆనించింది.

పక్కన ఎవరో కూర్చున్నారు. బరువుకి పలక నలిగిన చప్పుడు...

"నువ్వూ నమ్మావా అక్కా?"

పారిపోవడానికి చోటు లేదు. ఏడవడానికి ఊపిరి లేదు. ఆమె చీకట్లోకి తల ఊపింది.

"నమ్మాను," అంది.

చల్లటి వేళ్ళు వచ్చి ఆమె చేతిని పట్టుకున్నాయి. ఆమె లాక్కోలేదు.

"నీ పిలుపెవరూ వినలేదా?" అంది కోరస్ అక్క.

"ఒక్కదాన్నే పిలిచాను..."

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ తెగింపు. ఉన్న కాస్త ఊపిరీ కూడగట్టుకుని, "తలుపు తియ్యండి!" అని గొంతెత్తి పాడినట్టు అరిచింది. రెండోసారి అరిచేటప్పుడు పైనుంచి ఆ సన్నటి గొంతు కలిసింది. మూడోసారి... నాలుగోసారి... తర్వాత ఆమెకేమీ గుర్తులేదు.

కళ్ళు తెరిస్తే వరండాలో ఉంది. అత్తగారు ఆమె మొహాన నీళ్ళు చల్లుతోంది.

"పది నిమిషాలు చూద్దామనుకుంటూనే కునుకు పట్టింది," అంది ఆవిడ ఏడుపు గొంతుతో. "ఎవరో పిల్ల, చెవిలో నోరు పెట్టి, తలుపు తియ్యి మామ్మా అని ఒకటే ఏడుపు. లేచి చూస్తే ఎవరూ లేరు. ఎవరమ్మాయ్ అది?"

వినికిడి మిషను లోపల అలమారలో, డబ్బాలోనే ఉంది.

సాయంత్రం భర్త వచ్చి అంతా విన్నాడు. నమ్మాడో లేదో తెలియదు, భార్య మొహం చూసి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. గునపంతో తలుపు పెకలించాడు. పలకలన్నీ పీకి దొడ్లో పోశాడు. మూసిన కిటికీ తెరిచాడు. గురువారం పొద్దున మీటరు ఇంటికి వెళ్ళొచ్చాడు. తాళం వేసుంది. ఇద్దరూ పోలీసు స్టేషనుకి కూడా వెళ్ళి పిచ్చుక సంగతి రాసిచ్చారు. మీటరు దొరికితే కబురు చేస్తామన్నారు.

"అంత కాలం అన్నా అన్నా అన్నావు. మనిషి ఇలాంటివాడని ఒక్కరోజన్నా అనిపించలేదా?" అన్నాడు భర్త దారిలో.

"అనిపించి ఉంటే బావుండేది," అంది ఆమె. పిచ్చుక మీద ఆమెకి భయం లేదు. గదిలో తన చెయ్యి పట్టుకున్నది ఆ పిల్లే. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు వణికిస్తున్నది మీటరు "వస్తున్నా" అన్న మాట.

శుక్రవారం కంపెనీ మేడమ్ ఫోన్ చేసింది.

"సోమవారం మీరు పంపిన పాట అద్భుతమండీ. మావాళ్ళందరికీ నచ్చింది. ఒక్కటే... చివర్లో ఆ మగ గొంతు తీసెయ్యాలి."

"మగ గొంతా?"

"చాలా సన్నగా ఉంది, గోడ వెనక మాట్లాడినట్టు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి."

విన్నది. తన పాటే. ఆఖరి చరణం కింద, లోతుగా, బావి అడుగునుంచి వచ్చినట్టు ఒక గొంతు. ఇరవై ఏళ్ళుగా విన్న గొంతు. ఏడుస్తోంది.

"చెల్లెమ్మా... నన్ను బయటికి పిలువు... ఇక్కడ చాలామంది ఉన్నారు..."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

ఆ పాట రికార్డు చేసింది సోమవారం మధ్యాహ్నం.

మొదటి రింగుకే ఫోనెత్తి మీటరు ఆమెతో మాట్లాడింది బుధవారం. సోమవారానికే అతను ఆ చీకట్లో ఉంటే, "వస్తున్నా" అన్నదెవరు?