ఒంటిగంట ఇరవైకి మోగే ఫోన్లు

ఆ భవనం కింది అంతస్తులో రాత్రి డ్యూటీ అనగానే ఎంతటి మొనగాడికైనా జ్వరం వచ్చేసేది. కారణం అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. "అక్కడి ఫోన్లు మంచివి కావు" అని మాట దాటేస్తారు.

ఫోన్లు మంచివి కాకపోవడమేమిటి అంటారా? చెబుతాను. నాకు చెప్పినవాళ్ళు ఎలా చెప్పారో అలాగే చెబుతాను.

అది ఫోన్లకి పరీక్షలు పెట్టే ఆఫీసు. కింద పొడుగాటి హాలు, హాలంతా ఇనప అరలు, అరల్లో అరవై నాలుగు ఫోన్లు, ఒక్కోదానికీ ఒక్కో వైరు. పగలు వాటిని మనుషులు నొక్కుతారు. రాత్రి కంప్యూటరే నొక్కుతుంది. పాట పెట్టు, ఫొటో తియ్యి, వందసార్లు ఆపి వందసార్లు వెలిగించు... ఇలాంటి పనులు ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టి ఉంటాయి. హాలు చివర చలిగది. గడ్డకట్టే చలిలో ఫోను ఎంతసేపు బతుకుతుందో చూడటానికి కట్టిన ఇనప గది అది.

నాలుగేళ్ళ కిందట, ఈ ఏర్పాటంతా చేసిన పెద్దాయన ఒక రాత్రి అక్కడే పోయాడు. తెల్లారి గేటు కాపలా బాబాయ్ చూసేసరికి చలిగది తలుపు ముందు పడి ఉన్నాడట. గుండె ఆగిందన్నారు. ఆ మర్నాటి నుంచీ మొదలైంది. రాత్రి సరిగ్గా ఒంటిగంట ఇరవైకి... అరవై నాలుగు ఫోన్లూ ఒక్కసారిగా మోగుతాయి. పది నిమిషాలు మోగి వాటంతటవే ఊరుకుంటాయి.

పెద్దాయన తోడు కోసం పిలుస్తున్నాడని కొందరు. పనిమీద యావ చావలేదని కొందరు. ఎవరేమన్నా ఒంటిగంట పావు అయ్యేసరికి హాల్లో ఈగ కూడా ఉండేది కాదు.

చివరికి ఆ డ్యూటీ ఒకావిడ నెత్తిన పడింది. క్యూని చూసుకునే మనిషి కాబట్టి ఆఫీసంతా ఆమెని క్యూ అక్క అనేవారు. ఆమె పనిముట్టు నల్లతెర. అందులో బొమ్మలుండవు, మీటలుండవు. ఒక్కో ఆజ్ఞా వేళ్ళతో కొట్టాలి. ఈ పని క్యూలో పెట్టు, ఈ పని తీసెయ్యి, నా పనులు చూపించు. పని ముగియగానే అది పెట్టినవాళ్ళకి కబురు వెళ్తుంది. వాళ్ళు తెరిచి చూస్తే ఇటు 'చదివారు' అని పడుతుంది. "చూడలేదక్కా" అని పగటివాళ్ళు బుకాయిస్తే, "చదివారు అని పడిందిరా అబ్బాయ్, ఇంకెవరికి చెబుతావు?" అని ఏకిపారేసేది.

దెయ్యాలంటే ఆమెకి నమ్మకం లేదు. ఏదో అప్‌డేటు అయ్యుంటుందని కొట్టిపారేసేది. కానీ నమ్మకపోవడం వేరు, అక్కడ కూర్చోవడం వేరు. ఆమె కూడా ఆ వేళకి టీ వంకతో పైకి జారుకునేది.

పైకెళ్ళే ముందు, ఒంటిగంటకి, గోడ ఫోన్లో గేటుకి మోగించి ఒకే మాట అడిగేది. "బాబాయ్, బీపీ మాత్ర వేసుకున్నావా?"

"ఇదిగో వేసుకుంటున్నానమ్మా." మూడు నెలలుగా ఒక్క రాత్రి తప్పలేదు.

బాబాయ్‌కీ ఒక అలవాటుంది. సాయంత్రం రాగానే చలిగది తలుపు కింద ఒక చెక్కముక్క తోసి, అది మూసుకోకుండా చేసేవాడు. చలి పని వంతు వచ్చినప్పుడే ఆమె దాన్ని తీసి తలుపు మూసేది. "ఎందుకు బాబాయ్, ఆ చెక్కని కొత్తల్లుడిలా చూసుకుంటావు?" అని ఆమె ఏడిపించేది. ఆయన నవ్వేవాడు కాదు.

ఆ రాత్రి పన్నెండూ నలభై ఐదు. చలిగదిలో పెట్టాల్సిన ఆమె పని ఇంకా క్యూలోనే ఉంది. ముందు హాల్లో ఫోన్ల మీద వేరేవాళ్ళ పని నడుస్తోంది, దానికింకా రెండు గంటలు పడుతుంది. లోపల ఒక ఫోను వైరు ఊడినట్టు చూపిస్తోంది. రెండు నిమిషాల పనే కదా అని ల్యాప్‌టాప్‌ని తోపుడు బండి మీద పెట్టుకుని లోపలికి వెళ్ళింది. బండి చక్రం చెక్కముక్కకి తగిలింది... ఆమె చూసుకోలేదు.

వైరు బిగించింది. గోడకున్న తీగ ల్యాప్‌టాప్‌కి తగిలించింది. అప్పుడే వెనక తలుపు మెల్లగా వచ్చి... టక్‌మంది.

ముందున్న పని సగంలో చెడిపోయి ఆగిందట. క్యూ ముందుకి జరిగింది. వంతు ఆమెది.

పైన గాలియంత్రం హుమ్మంది. దీపం ఆరింది.

"అయ్యో రామా" అనుకుని తలుపు లోపలి పిడి తిప్పింది. అది తిరిగింది. ఇంకా తిరిగింది. తిరుగుతూనే ఉంది, పట్టుకోవడమే లేదు. నెలనెలా తనిఖీ కాగితం మీద 'లోపలి పిడి బాగుంది' అన్న చోట సంతకం చేస్తున్నది ఎవరో కాదు, ఆమే. తలుపుకి చెక్క అడ్డం ఉంటుంది కదా అని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

కంగారేం లేదు. పని తనదే, తీసేస్తే సరి. నల్లతెర తెరిచి ఆజ్ఞ కొట్టింది. జవాబు వెంటనే వచ్చింది.

'క్యూలోంచి తీసేశాను. చలి మొదలైంది. నాలుగు గంటలు నిండాకే ఆగుతుంది.'

పోయినేడు మధ్యలో ఆపి ఆపి యంత్రం మూడుసార్లు పాడైతే, ఒకసారి మొదలయ్యాక ఎవరూ ఆపకుండా షరతు పెట్టమని పైవాళ్ళకి రాసింది తనే. అందరూ చప్పట్లు కొట్టారు కూడా.

గోడకున్న ఎర్ర మీట నొక్కింది. దాని గంట మోగేది పైన, పగటివాళ్ళ గదిలో. ఆ వేళ అక్కడ కుర్చీలు తప్ప ఎవరున్నారు? చేతిఫోను తీసింది. నాలుగువైపులా ఇనుము, సిగ్నలు సున్నా. మొగుడు పెట్టిన ఆఖరి మెసేజి మాత్రం ఉంది. 'పడుకుంటున్నా, తాళం నీ దగ్గరుందిగా.' అంటే తెల్లారేదాకా వెతికేవాళ్ళు లేరు.

తలుపు బాదింది. తన్నింది. అరిచింది. అరుపు గోడకి తగిలి తిరిగి ఆమె దగ్గరకే వచ్చింది.

తెరమీద చలి అంకె సున్నా దాటి కిందికి... మైనస్ ఆరు... మైనస్ తొమ్మిది... ఒంటిమీద ఉన్నది పల్చటి స్వెట్టరు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాలుగు గంటలు తను నిలవదని ఆమెకి తెలుసు. ఈ గదిలో ఫోన్లే నిలవవు, ఆ లెక్కలు రాసింది ఆమే.

అప్పుడు తట్టింది. గోడ తీగ బయటి లోకానికి పోదు. కానీ హాల్లో అరల దాకా పోతుంది. అరల్లో అరవై నాలుగు నోళ్ళున్నాయి!

వేళ్ళు కొయ్యబారాయి. ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టింది. ఫోన్లన్నీ పెద్ద గొంతుతో ఈ మాటలు చదవాలి. మొదట 'తలుపు తియ్యండి' అని రాసింది. చెరిపేసింది. అరలోంచి అలా వినిపిస్తే బాబాయ్ ఊరు దాటేస్తాడు. దెయ్యం అడగని మాట ఏదైనా రాయాలి.

'బాబాయ్, నేనే. బీపీ మాత్ర వేసుకున్నావా? చలిగదిలో ఇరుక్కుపోయాను. తలుపు తియ్యి.'

పంపింది. ఒంటిగంట పంతొమ్మిది.

'క్యూలో ఉంది. ముందు ఇంకొకరి పని ఉంది.'

ఇంకొకరా? ముందున్నది ఇందాకే చెడిపోయి ఆగింది, ఈ రాత్రి ఇంక తను తప్ప ఎవరున్నారు? ఆమె ఎప్పుడూ ఆ రోజు పెట్టిన పనులే చూసుకునేది. మొదటిసారి పాతవాటితో సహా అందరి పనులూ చూపించమని అడిగింది.

తెరమీద ఒకే ఒక్క వరుస వచ్చింది. ఫోన్లు, అరవై నాలుగూ. పెట్టినవారు... పెద్దాయన.

సరిగ్గా అప్పుడే, ఇనప గోడ అవతల, కీచురాళ్ళ గుంపులా మొదలైంది మోత.

ఈ మోత వింటే బాబాయ్ గేటు దాటి రోడ్డు మీదికి పోతాడు. పది నిమిషాల తర్వాత తన వంతు వచ్చినా వినేవాడుండడు. తీసెయ్యమని ఆజ్ఞ కొట్టింది. 'పెట్టినవారే తీయగలరు.' మళ్ళీ కొట్టింది. అదే జవాబు. పోయినవాడు అడ్డం నిలబడ్డాడు, పక్కకి జరగమని ఎవరికి చెప్పుకోవాలి?

బ్యాటరీ మూడు శాతం. అసలా పనిలో ఏముందో చూద్దామని తెరిచింది.

'ఫోన్లన్నీ మోగాలి. చలిగది తలుపు తెరుచుకునేదాకా మోగాలి. పది నిమిషాల్లో ఎవరూ తీయకపోతే, మర్నాడు ఇదే వేళకి మళ్ళీ.'

దాని కింద, తనకోసం రాసుకున్నట్టు ఒక ముక్క. 'లోపలున్నాను. పిడి పట్టడం లేదు. చలి వేరేవాళ్ళ పని, నేను తీయలేను.'

ఆ కింద తేదీలు. విఫలం. విఫలం. విఫలం. నాలుగేళ్ళు, రాత్రికొకటి చొప్పున.

పెద్దాయన తలుపు ముందు పోలేదు. ఇక్కడ... తను కూర్చున్న ఈ నేలమీద పోయాడు. ఇన్నాళ్ళూ మోగింది దెయ్యం కాదు. తలుపు తీయమని మొర. విన్న ప్రతివాడూ చెవులు మూసుకుని పారిపోయాడు. టీ వంకతో తను కూడా పారిపోయింది.

తెర ఆరిపోయింది.

చీకటి. మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. కాసేపటికి వణుకు ఆగిపోయింది. వణుకు ఆగడం మంచిది కాదని ఎక్కడో చదివింది. నిద్ర ముంచుకొస్తోంది, హాయిగా కూడా ఉంది. పక్కన ఎవరో ఆనుకుని కూర్చున్నట్టు అనిపించింది. భయం వేయలేదు. "మీరూ ఇలాగే కూర్చున్నారా?" అని గొణిగింది.

తలుపు తెరుచుకుంది.

మోత టక్కున ఆగింది. టార్చి వెలుగులో ఒక ముసలి మొహం. బాబాయ్ ఆమె చంకల కింద చేతులేసి ఈడ్చుకొస్తున్నాడు. గడప దాటారో లేదో... అరవై నాలుగు ఫోన్లూ మరగొంతుతో ఒక్కసారిగా అందుకున్నాయి.

"బాబాయ్, నేనే. బీపీ మాత్ర వేసుకున్నావా?"

బాబాయ్ ఆమెని కింద పడేసినంత పని చేశాడు. "వే... వేసుకోలేదమ్మా!" అన్నాడు అరలకేసి చూస్తూ.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. బాబాయ్ తన కోటు విప్పి కప్పాడు, ఫ్లాస్కులో టీ పట్టించాడు. చేతులు రుద్దుతూ కూర్చున్నాడు.

"ఎలా వచ్చావు బాబాయ్?" అంది కాస్త తేరుకున్నాక.

"ఒంటిగంటకి నువ్వు అడగలేదు." గుసగుసగా చెప్పాడు. "మరిచావేమో అనుకున్నా. ఇంతలో ఇవి మోగాయి. రోడ్డు దాకా పరిగెత్తానమ్మా, అబద్ధమెందుకు? చూస్తే మాత్ర ఇంకా గుప్పిట్లోనే ఉంది. అడిగే పిల్ల ఏమైందా అని వచ్చాను. చూస్తే ఆ తలుపు మూసి ఉంది." పక్కన పడున్న చెక్కముక్క వైపు చూశాడు. "ఆ రాత్రి కూడా ఇలాగే మోగాయి."

"ఆయన లోపలే ఉన్నాడు కదూ?"

బాబాయ్ తల దించుకున్నాడు. "పొద్దున తీశాను. బయట పడుకోబెట్టాను. లోపలున్నాడంటే, మోగితే ఎందుకు రాలేదంటారు కదా... పిడి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఆ చెక్క."

ఆమెకి కోపం వచ్చింది. చచ్చేంత వచ్చింది. ఆ ఒక్క మాట చెప్పుంటే పిడి బాగయ్యేది, తను ఇవాళ చావు అంచుదాకా వెళ్ళేది కాదు. కానీ తనిఖీ కాగితం మీద సంతకాలు గుర్తొచ్చి నోరు మూసుకుంది.

లేచి, గోడ పట్టుకుని నడిచి, బల్ల దగ్గరున్న కంప్యూటర్లో నల్లతెర తెరిచింది. "ఇటు రా బాబాయ్, నీ దెయ్యాన్ని చూద్దువుగాని" అని వరసలన్నీ చూపించింది. మోగుతుండగా మూసిన తలుపుని ఎవరూ తీయకపోతే మర్నాడు మళ్ళీ మోగమని ఆయన రాసిపెట్టాడు, యంత్రం చెప్పినట్టు చేసింది, అంతే. ఆఖరి వరస మీద వేలు పెట్టి చదివింది. "ఒంటిగంట ఇరవై ఏడు. తలుపు తెరుచుకుంది. పని పూర్తయింది."

"ఇక మోగవా?"

"ఇక మోగవు."

బాబాయ్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "దీనికోసమా నాలుగేళ్ళు హడలి చచ్చాం" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ హాల్లో రాత్రిపూట ఎవరైనా నవ్వడం నాలుగేళ్ళలో అదే మొదలు.

తెరమీద ఇంకో వరస పడింది. 'పెట్టినవారికి కబురు పంపాను.'

"ఇదేమిటమ్మా?"

"దాని అలవాటు బాబాయ్. పని అయిపోయిందని ఆ మనిషికి చెబుతుంది. మనిషి ఉన్నాడో లేడో దానికేం తెలుసు?" అంటూ తెర మూయబోయింది.

మూయబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. బాబాయ్ ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

కింద, ఒకే ఒక్క మాట వచ్చింది.

'చదివారు.'