ముఖ్య అతిథి బొటనవేలు

"తారక్, నీకు ఒక సెమినార్ పడ్డది," అన్నాడు లింగారావు.

ఏజెంట్ తారక్ ముఖం పాలిపోయింది. ఎనిమిదేళ్ల సర్వీసులో అతను సరిహద్దు దాటాడు, భుజంలో తూటా దిగినా నడిచాడు, శత్రువుల ఓడలో వంటవాడిగా నెల రోజులు ఉన్నాడు. సెమినార్‌కు మాత్రం ఎవరూ పంపలేదు.

"వేరే ఎవలు లేరా సార్?"

"ఉన్నరు. వాళ్లందరికి పిల్లలున్నరు."

కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ సెంటర్ వెనక గది అది. ఉత్తర తెలంగాణ గూఢచారి విభాగానికి అదే హెడ్ ఆఫీసు, లింగారావు దానికి చీఫ్. మారువేషం ఎంత బాగా కుదిరిందంటే డిపార్ట్‌మెంట్ ఖర్చుల్లో సగం ఆధార్ కాపీల మీదే వెళ్లిపోతోంది. బయట నాలుగు రోజులుగా ముసురు. గోదావరికి వరద హెచ్చరిక.

లింగారావు తలుపు వేసి గొంతు తగ్గించాడు.

"ప్రాజెక్టు పేరు ప్రహరి. ఊరవతల ఇంజనీరింగ్ కాలేజీల చేసిన రీసెర్చ్. వరదొచ్చి కరెంటు తక్కువ పడితే ఎవలికి ముందు ఆపాలె, ఎవలికి ఆఖరు దాక ఇయ్యాలె, అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటది. దవాఖానలు, తాగునీళ్లు, బొగ్గుగనుల మోటర్లు. గివి ఎన్నడు ఆగొద్దు."

"మంచిదే గద సార్."

"మంచిదే. బ్లాక్ హెరాన్ అని ఒక విదేశీ ముఠా. వాళ్లు ఆ వరుసను తలకిందులు చేసిండ్రు. ఇప్పుడు అన్నిటికన్న ముందు ఆగేది నస్పూర్ కాడ గని మోటర్లు. ఆఖరుకు ఆగేది షాపింగ్ మాల్ బోర్డు."

తారక్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇయ్యాల ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి చీఫ్ ఇంజనీర్ నర్సింగరావు స్కానర్ మీద బొటనవేలు పెడితే ప్రహరి అసలు గ్రిడ్‌కు కలుస్తది. ఆయన వేలు తప్ప ఇంకెవలిది పనిచెయ్యది. వరద హెచ్చరిక ఉన్నది గద, వేలు పడంగనే గనికి కరెంటు బంద్. గా సీన్ చూపెట్టి ముఠా ఈ స్విచ్చును వేలం వేస్తది. కొనేటోళ్లు కాలేజీ యూట్యూబ్ లైవ్‌ల చూస్తరు."

"మా బావ భూమన్న గా గనిలనే పంపు ఆపరేటర్ సార్. ఇయ్యాల ఫస్ట్ షిఫ్ట్."

లింగారావు కళ్లజోడు తీసి తుడిచాడు. "మోటర్లు ఆగితే?"

"గీ ముసురుల నీళ్లు మనిషికన్న జల్ది ఎక్కుతయి సార్. కింద రెండు వందల మంది ఉంటరు."

"అయితే ఇంకేం చెప్పాలె నీకు."

"చీఫ్ ఇంజనీర్‌కు ఒక ఫోన్ కొడితే అయిపోదా?"

"ఆయన భార్యకు చెప్తడు. ఆమె కాలనీ వాట్సాప్ గ్రూపుల పెడ్తది. ముఠా జారుకుని ఇంకో జిల్లాల ఇదే పని చేస్తది. పైకి రిపోర్ట్ చేసిన. సోమవారం మీటింగ్ పెట్టిండ్రు."

"ఇయ్యాల శుక్రవారం సార్."

"నేను గదే అన్న. సోమవారమైతే లంచ్ ఉంటదన్నరు."

తారక్‌కు ప్రొఫెసర్ వేషం వేశారు. అంటే ఒక సైజు పెద్ద కోటు, మెడలో ఐడీ కార్డు. ఆయుధంగా ఒక పెన్ను ఇచ్చారు. అందులో కెమెరా, ట్రాన్స్‌మిటర్, మత్తు సూది ఉన్నాయి. ఇంకు మాత్రం లేదు, ఎందుకంటే తక్కువ రేటుకు టెండర్ వేసినవాడు ఇంకు వేరే అన్నాడు. కాలేజీలో తమ మనిషి ఒకరు ఉన్నారు. గుర్తుపట్టడానికి కోడ్ వర్డ్: "కొండగట్టుకు బస్సు దొరుకుతదా?" జవాబు: "మంగళవారమైతే కాలు పెట్టనీకే జాగుండది."

సెమినార్ హాల్ గేటు దగ్గర తారక్ కోడ్ అడిగాడు. వాచ్‌మన్ సరైన జవాబు చెప్పాడు. టీ పోస్తున్న మనిషి సరైన జవాబు చెప్పాడు. ఇద్దరు లెక్చరర్లు చెప్పడమే కాక, ఆదివారం వెళ్తే గుడిలో దర్శనం బాగా అవుతుందని కూడా చెప్పారు. జిల్లా మొత్తం తన ఏజెంట్లేనని తేలాక తారక్ అడగడం మానేశాడు.

ఐదు నిమిషాల్లో పెన్ను కూడా పోయింది. ఒక అసోసియేట్ ప్రొఫెసర్ అటెండెన్స్‌లో సంతకానికి అడిగి తీసుకున్నాడు. రాయలేదని పక్కవాడికి ఇచ్చాడు. పక్కవాడు జేబులో పెట్టుకున్నాడు. అడిగి తీసుకున్న పెన్ను తిరిగి రావడం ఈ దేశ చరిత్రలో లేదు కాబట్టి తారక్ దాన్ని వెతకలేదు.

అప్పుడే వెనక నుంచి తాళం పడిన చప్పుడు. హాలుకు ఉన్న రెండు తలుపులూ బయట నుంచి మూసేశారు. ముఖ్య అతిథి వచ్చేదాకా నాలుగు వందల మంది పిల్లలు కుర్చీల్లో ఉండాలంటే తాళం తప్ప ఇంకో మార్గం లేదని ప్రిన్సిపాల్ గజానన్‌కు అనుభవం మీద తెలుసు. పరీక్షల కోసం పెట్టిన జామర్ కూడా ఆన్ చేయించాడు. తారక్ ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి.

"మంగళవారమైతే కాలు పెట్టనీకే జాగుండది," అంది ఒక గొంతు. అతను ఏమీ అడగలేదు.

స్నిగ్ధ. ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్, ఈరోజు యాంకర్. ఆమె చీర చూసి ముందు వరుసలో ఇద్దరు మేడంలు రేటెంత ఉంటుందో ఒకరికొకరు చెప్పుకుని, ఇద్దరూ తగ్గించే చెప్పారు.

"మీరేనా మా మనిషి?"

"నేనే. ఫికర్ చెయ్యకండ్రి. నా ఎంబడే ఉండండ్రి," అని ఆమె మైకు అందుకుంది. "ఢిల్లీ నుంచి విచ్చేసిన ప్రొఫెసర్ గారిని వేదికను అలంకరించాల్సిందిగా కోరుతున్నాం."

చప్పట్లు. ఇద్దరు విద్యార్థులు వచ్చి తారక్ చేతులు పట్టుకున్నారు. వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు, దాని మీద ఇంకో శాలువా, ఒళ్లో బొకే. చేతులు లోపలే ఉండిపోయాయి. స్నిగ్ధ శాలువా సర్దుతున్నట్టు వంగింది.

"నవ్వు. ఎడమదిక్కు ఫొటోగ్రాఫర్ మావోడు. గా కెమెరాల ఉన్నది లెన్స్ కాదు, పిస్తోలు. లేచినవంటే కాలుస్తడు. చప్పట్లల ఎవలికి వినవడది."

తారక్ నవ్వాడు. ఫ్లాష్ పడింది.

"నువ్వు మా జీతం తీసుకుంటున్నవ్," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"మీరు ఇరవై తారీఖుకు ఇస్తరు. నా ఈఎంఐ ఐదుకు ఉంటది. బ్లాక్ హెరానోళ్లు ఫస్టుకే వేస్తరు."

దేశద్రోహానికి కారణాలు తారక్ చాలా విన్నాడు. ఇంత అర్థమయ్యే కారణం ఇదే మొదటిది.

ముఖ్య అతిథి రాలేదు. పైన రేకుల మీద వాన ఆగకుండా కొడుతోంది. ప్రతి చినుకూ ఎక్కడికి పోతుందో తారక్‌కు తెలుసు: మట్టిలోంచి, బొగ్గు పొరల్లోంచి కిందికి, బావ నిలబడ్డ చోటికి. అక్కడ మోటర్లు దాన్ని మళ్లీ పైకి తోస్తున్నాయి. ఆ మోటర్లకూ ఈ వేదికకూ మధ్య ఒక వైరు, ఒక వేలు.

అతను పక్కనున్న గజానన్ వైపు వంగాడు. "సార్, గా సాఫ్ట్‌వేర్ల మోసం ఉన్నది."

"క్వశ్చన్స్ ఆఖర్ల," అన్నాడు గజానన్. ఆదిలాబాద్ మనిషి, మర్యాద తెలిసినవాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఢిల్లీల సొంత ఇల్లా, కిరాయా?" అన్నాడు.

"కిరాయి. సార్, మనుషులు చస్తరు."

"కిరాయికి ఉంటె చచ్చుడే మరి. ఇక్కడ బైపాస్ కాడ ఒక ప్లాట్ ఉన్నది, ఈస్ట్ ఫేసింగ్. మా సాలా, మా ఆమె తమ్ముడు, గాయన కూడ తీసుకున్నడు. ఒక్కపారి చూడుండ్రి, కొనకున్న మంచిదే."

చివరికి తలుపు తెరుచుకుంది. చీఫ్ ఇంజనీర్ నర్సింగరావు, ఆయన వెనక ఆయనతో పనిలేని ముప్పై మంది లోపలికి వచ్చారు. తలుపు మళ్లీ పడింది. తాళం మళ్లీ పడింది.

తారక్ తెగించి కూర్చునే అరిచాడు. "ఆపండ్రి. ఇది నకిలీ సాఫ్ట్‌వేర్."

రెండు గంటలుగా బందీలుగా ఉన్న నాలుగు వందల మంది ఇంజనీరింగ్ విద్యార్థులు దేనికైనా సిద్ధంగా ఉన్నారు. ఈలలు, చప్పట్లు, వన్స్ మోర్లు. "ప్రొఫెసర్ గారి చమత్కారం," అంది స్నిగ్ధ మైకులో. కెమెరా గొట్టం తారక్ గుండె ఎత్తుకు దిగింది.

జ్యోతి ప్రజ్వలన మొదలైంది. ఫ్యాన్ గాలికి వత్తి ఆరిపోతోంది. ఫ్యాన్ ఆపమని అందరూ అంటున్నారు గానీ స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తర్వాత గజానన్ స్వాగతోపన్యాసం. "టైమ్ లేదు కాబట్టి రెండు ముక్కలల్ల చెప్త," అని కాలేజీకి స్థలం ఎలా దొరికిందో దగ్గర మొదలుపెట్టాడు. జీవితంలో మొదటిసారి తారక్ ఒక స్వాగతోపన్యాసం ఇంకా సాగాలని కోరుకున్నాడు. సాగింది. కానీ ఎంత మంచి ఉపన్యాసమైనా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది.

"ఇప్పుడు ముఖ్య అతిథి గారి స్వహస్తాలతో ప్రహరి ప్రారంభం," అంది స్నిగ్ధ.

బల్ల మీద స్కానర్ ఎర్రగా వెలిగింది. జామర్‌తో పనిలేని వైరు ఇంటర్నెట్ మీద యూట్యూబ్ లైవ్ తెర మీద కనిపిస్తోంది, చూస్తున్నవాళ్లు తొమ్మిది మంది. ముగ్గురు విదేశీ కొనుగోలుదారులు. మిగతావాళ్లు గజానన్ బంధువులు.

నర్సింగరావు లేచాడు. ఆయన లేవగానే వేదిక మీద అందరూ లేచారు. ప్రారంభోత్సవం ఫొటోలో పడాలని స్కానర్ చుట్టూ మూగారు. ఆయనతో వచ్చిన ముప్పై మందీ ఎక్కేశారు. ఆ తొక్కిసలాటలో తారక్ కుర్చీతో సహా ముందుకు జరిగిపోయి చీఫ్ ఇంజనీర్ భుజానికి ఆనుకున్నాడు. ఫొటోగ్రాఫర్‌కు ఇప్పుడు తలలు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"సార్, వేలు పెట్టకుండ్రి. ప్రమాదం," అన్నాడు తారక్ ఆయన చెవిలో.

"ప్రమాదం మీదనే గదనయ్య సెమినార్," అన్నాడు నర్సింగరావు, కెమెరా ఎక్కడుందో వెతుక్కుంటూ.

"నిజమైన ప్రమాదం సార్. గనిల మనుషులున్నరు."

"మెమొరాండం ఇయ్యి, చూస్త."

బొటనవేలు లేచింది. స్కానర్ వైపు దిగుతోంది. తారక్ దగ్గర పెన్ను లేదు, ఫోన్‌కు సిగ్నల్ లేదు, శాలువాల్లో ఇరుక్కున్న చేతులు కూడా లేనట్టే. నిజం అందరికీ చెప్పి చూశాడు. నిజానికి ఈ హాలులో సీటు లేదు. మెడ మాత్రం తిరుగుతుంది. ఎటు చూడాలో తెలియక అతను వెనక్కి చూశాడు.

వెనక గోడంత ఫ్లెక్సీ.

"సార్, ఒక్క మాట. ఫ్లెక్సీల మీరు ఏడ ఉన్నరు?"

వేలు ఆగింది. వేలికీ అద్దానికీ మధ్య గోరంత సందు.

"ఏడ ఉన్న?"

"కింద సార్. ఎడమదిక్కు, ఆఖరుకు."

నర్సింగరావు తల తిప్పాడు. మధ్యలో నిలువెత్తు కాలేజీ చైర్మన్. పక్కన చైర్మన్ తండ్రి, చైర్మన్ కొడుకు. వాళ్ల కింద గజానన్, చేతులు కట్టుకుని. అన్నిటికన్నా కింద, పోస్టల్ స్టాంపంత, ముఖ్య అతిథి.

"నా పక్కనున్నోడు ఎవడు?"

"క్యాటరింగ్ ఆయన సార్. మీకన్న జర పెద్దగున్నడు."

నర్సింగరావు ఇంజనీరు. కంటితోనే కొలిచాడు, కొలత తప్పలేదు. వేలు వెనక్కి తీసుకుని పిడికిలి మూశాడు.

"గజానన్ గారు, పిలిచి ఇజ్జత్ తీస్తరా?"

"ప్రింటింగ్ వాడి తప్పు సార్. రేపటి కల్ల కొత్తది కట్టిస్త సార్."

"రేపే పిలువుండ్రి మరి."

స్నిగ్ధ ముఖంలో మొదటిసారి యాంకర్ నవ్వు పోయింది. "సార్, ఒక్క సెకను. జస్ట్ టచ్ చేసి పోండ్రి," అంటూ ఆయన మణికట్టు పట్టుకుని స్కానర్ వైపు లాగింది. అక్కడ ఆమె లెక్క తప్పింది. అలిగిన పెద్దమనిషిని బతిమాలాలి, రెండుసార్లు కాదనిపించుకోవాలి, కాఫీ తెప్పించాలి. లాగకూడదు. ముప్పై మందీ ఒక్కసారిగా "సారును ముట్టుకుంటరా" అని మీద పడ్డారు. స్కానర్ బల్ల మీది నుంచి జారి ఎవరి బూటు కిందో ముక్కలైంది.

"తలుపు తియ్యుండ్రి," అన్నాడు నర్సింగరావు.

ముఖ్య అతిథి కోసం తలుపు తెరిచారు. మిగతాది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. నాలుగు వందల మంది విద్యార్థులు ఒక్క మనిషిలా లేచారు. ఫొటోగ్రాఫర్ గురి చూసేలోపే ఆ వరదలో కొట్టుకుపోయి భోజనాల షెడ్డు దగ్గర తేలాడు. అక్కడ లింగారావు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు, వెనక జిరాక్స్ పేపర్ల వ్యాను.

తారక్ శాలువాల్లోంచి బయటపడి, వాటిలో ఒకదానితో స్నిగ్ధ చేతులు కట్టాడు. శాలువా దేనికైనా పనికిరావడం అతను చూడటం అదే మొదటిసారి.

"మూడేండ్లు కోడ్ రాసిన," అంది స్నిగ్ధ, ఫ్లెక్సీ వైపు చూస్తూ. "ఎన్‌క్రిప్షన్ల ఒక్క తప్పు లేకుండె."

"తెలుసు. మా వాళ్లు మెచ్చుకున్నరు," అన్నాడు తారక్. "నడువు."

అసలు వరుసతో ప్రహరిని సరిచేయించే బాధ్యత లింగారావు తీసుకున్నాడు. సోమవారం మీటింగ్‌లో దాని మీదే చర్చ అన్నారు, లంచ్ మెనూ ఖరారైందట. తారక్ కాలేజీ గేటు దాటి జామర్ పరిధి నుంచి బయటికి రాగానే ఫోన్ మోగింది. భూమన్న.

తారక్ రెండు క్షణాలు తెర మీద ఆ పేరునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఎత్తాడు.

"ఏందిర బామ్మర్ది, ఇందాకటి సంది నీ ఫోన్ కలుస్తలేదు."

"ఆఫీసుల ఉన్న బావా. నువ్వు పైకచ్చినవా?" తారక్ లెక్కల ఆఫీసులో గుమస్తా అని ఇంట్లో అందరి నమ్మకం.

"ఇప్పుడే అచ్చిన. నడుం ఇరిగింది."

"ఏమైంది బావా?"

"ఏమైతది, ఏం కాలే. మోటర్లు పొద్దటి సంది ఒక్కపారి గూడ ఆగలే. కరెంటు పోతె జరసేపు కన్ను మూస్తుంటి. ఏసీల కూసుండేటోనివి, నీకేం తెలుస్తది. నీకు పెద్దోళ్లు ఎవలన్న ఎరుకుంటె చెప్పుర, అప్పుడప్పుడు జర కరెంటు తియ్యుమని."