ఆడపిల్లల కొమ్మ

ఆ రోజు పొద్దున మబ్బు కందకుర్తి వైపు నుంచి వచ్చి బోధన్ మీద ఆగింది. కురవలేదు, కదలలేదు.

మా వాళ్ల పేర్లు రాయించడానికి వంశావళి సంఘం గదిలోకి అడుగు పెట్టాను.

"అన్నా, మా తాతలను తొక్కుతున్నవ్!"

కిందికి చూశాను. నేలంతా కాగితం. గీతలు, పేర్లు. వాటి మీద చేనులోంచి వచ్చిన నా బురద కాలు.

ఆమె రుచిత. కంఠేశ్వర్ నుంచి బస్సులో వస్తుంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి జనం తలోదిక్కు పోయినప్పుడు, ఎవరికెవరు ఏమవుతారో మరిచిపోకూడదని లక్ష్మీరాజం సారు పెట్టిన సంఘం అది. దాని చరిత్ర రుచిత రాస్తోంది.

"పేరు?"

"రేగుల ధనుంజయ్."

పెన్ను ఆగింది. "మేం గూడ రేగులోళ్లమే. నిజంగనే అన్నవైతివి!"

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒకే ఇంటిపేరు వాళ్లకు పెళ్లి మాటే ఉండదు.

అయినా వారం వారం వెళ్లాను. పసుపు చేనుకు నీళ్లు పెట్టి, చెరుకు తోటల మధ్య కాలువ గట్టు మీద బండి నడుపుకుంటూ. ఆమె పేర్లు చదివేది. నేను గీతలు గీసేవాణ్ని. కిటికీలోంచి వచ్చిన తుంపర ఆమె జడ మీద కాసేపు నిలిచి, నాకంటే ధైర్యంగా మెడ మీదికి జారేది.

ఒకనాడు మా రెండు కొమ్మలు ఒకచోట కలిశాయి. మా ముత్తాత లింగం, వాళ్ల ముత్తాత ముత్తన్న. పక్కపక్కనే, అన్నదమ్ములుగా.

"ఏం మాట్లాడవేందన్నా?"

"గా 'అన్న' బంద్ చెయ్."

"మరేమని పిల్వాలె?"

నేను మళ్లీ గీతల మీదికి వంగాను. ఆమె ఈసారి నవ్వలేదు. సాయంత్రం బస్సు హారన్ కొట్టినా లేవలేదు. కాగితం వైపే చూస్తూ, మూలన కూచున్న లక్ష్మీరాజం సారుతో ఉన్నట్టుండి అంది:

"సార్, ఒక్క ఆడపేరు లేదు. వీళ్లంత అవ్వలు లేకుంటనే పుట్టిండ్రా?"

"మొదట్నించి కొడుకులనే రాసినం బిడ్డా."

"అది తప్పని రాస్త చరిత్రల."

సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అయితే పోయి అడిగి రాసుకరాండ్రి."

మా కొమ్మలున్న కాగితం చుట్టి పట్టుకుని, రుచితను మొదట మా నాయనమ్మ భూమవ్వ దగ్గరికే తీసుకెళ్లాను.

"లింగం మా మామ," అంది ఆమె. "రేగులోళ్ల కొడుకెట్లయితడు? నిజాంసాగర్ కాలువ తవ్వనీకి వచ్చిండు. మా అత్త ఈరవ్వ, రేగులోళ్ల బిడ్డ. ఇల్లరికం ఉంచుకున్నరు. పిల్లలకు గా ఇంటిపేరే పడ్డది."

రుచిత ముందుకు జరిగింది. "మరి ముత్తన్న?"

"ఈరవ్వకు అన్న. నువ్వెవల బిడ్డవే?"

"ముత్తన్న మనుమని బిడ్డను, అవ్వా."

భూమవ్వ ఆమెను చూసింది, నన్ను చూసింది. "అయితే వీనికి మరదలైతవ్. వస్తనే అన్నా అన్నా అనవడితివి, గింత సదువు సదివి!"

రుచిత ముఖం కాగితంలోకి వంగింది. లింగం గీతను చెరిపి, ముత్తన్న పక్కన 'ఈరవ్వ' అని రాసింది. రాసిన పేరు మీద వేలు చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇప్పుడైతే చెప్పు," అంది తలెత్తకుండా. "ఏమని పిల్వాలె?"

"నీ ఇష్టం. కానీ రోజూ పిల్వాలె."

పెంకుల మీద వాన మొదలైంది. భూమవ్వ మూడు పళ్లేలు పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. రుచిత తన రొట్టెలో సగం తుంచి నా పళ్లెంలో వేసింది. భూమవ్వ చూసీ చూడనట్టు తింటోంది.